చారిత్రక కల్పనలో శాస్త్రజ్ఞురాలు: లీలావతి నుంచి ఆనందీబాయి దాకా

రాజుల కథ రాయదలచిన చారిత్రక నవలాకారునికి ఆధారాల కొరత అంతగా ఉండదు. శాసనాలున్నాయి, తామ్రపత్రాలున్నాయి, కైఫీయతులున్నాయి, విదేశీ యాత్రికుల వ్రాతలున్నాయి. రాజ్యమేలిన రాణులకు, గుడికి దీపం పెట్టించిన గృహిణులకు కూడా రాతిపలకల మీద కొంత చోటు దక్కింది. అయితే గణితం నేర్చిన స్త్రీకి, నక్షత్రగమనాన్ని లెక్కించిన స్త్రీకి, రోగి నాడి పట్టి చూచిన స్త్రీకి ఆ చోటు దొరకలేదు. ఆమె విషయంలో చరిత్ర దాదాపు మౌనం వహించింది. ఆ మౌనాన్ని పూరించే పనికి కల్పన పూనుకున్నది. ఆ పూరణ ఎంతవరకు న్యాయంగా జరిగింది, ఎక్కడ ఆ స్త్రీకే అన్యాయం చేసింది అన్నది సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన ప్రశ్న. ఎందుకంటే ఇటువంటి కల్పనలు నవలగానే మిగిలిపోవు. పాఠ్యపుస్తకాల్లోకి, స్మారక ప్రసంగాల్లోకి, దూరదర్శన్ ధారావాహికల్లోకి ప్రవేశించి, కాలక్రమాన చరిత్రగానే చెల్లుబాటవుతాయి.

ఇందుకు మొదటి ఉదాహరణ లీలావతి. భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘సిద్ధాంత శిరోమణి’లోని అంకగణిత భాగానికి ‘లీలావతి’ అని పేరు. అందులోని కొన్ని లెక్కలు లేడిపిల్ల కన్నుల వంటి చంచలమైన కన్నులు గల ఒక బాలను ఉద్దేశించి సాగుతాయి. మరికొన్ని లెక్కల్లో సంబోధన మిత్రునికి, గణకునికి. ఆ బాల భాస్కరుని కుమార్తె అని, ఆమె వివాహ ముహూర్తం తప్పిపోయిందని, ఆమెను ఊరడించడానికి తండ్రి ఈ గ్రంథానికి ఆమె పేరు పెట్టాడని చెప్పే కథ ఫైజీ 1587లో అక్బరు ఆజ్ఞపై చేసిన పారశీకానువాదం పీఠికలో కనిపిస్తుంది. మూల గ్రంథానికి, ఆ పీఠికకు మధ్య నాలుగు శతాబ్దాలకు పైగా వ్యవధి ఉన్నది. భాస్కరుని మనుమడు చంగదేవుడు తాత గ్రంథాల అధ్యయనం కోసం మఠం నెలకొల్పిన సందర్భంలో, 1207 ప్రాంతాన, నేటి మహారాష్ట్రలోని పాటణ గ్రామంలో వేయించిన శాసనం ఆ వంశక్రమాన్ని వివరిస్తుంది. భాస్కరుని కుమారుడు లక్ష్మీధరుని పేరు అందులో ఉన్నది. కుమార్తె ప్రస్తావన లేదు. శాసనాలు సాధారణంగా కుమార్తెలను పేర్కొనవు కనుక, అంతమాత్రాన ఆమె లేదని తేల్చడానికి వీల్లేదు. ఉన్నదని తేల్చడానికీ ఆధారం లేదు.

చరిత్ర దృష్టితో ఈ కథకు విలువ ఎంత తక్కువైనా, కల్పనగా దీనిని శ్రద్ధతో చదవవలసి ఉంటుంది. ముహూర్తాన్ని గుర్తించడానికి నీటి పాత్రలో గడియ కుడుకను తేల్చారు. అడుగున ఉన్న సన్నని రంధ్రం గుండా నీరు నిండి, నిర్ణీత కాలానికి కుడుక మునగాలి. అది ఎలా పనిచేస్తున్నదో చూడాలన్న కుతూహలంతో పెండ్లికూతురు వంగి చూచింది. ఆమె అలంకారంలోని ముత్యం జారి రంధ్రాన్ని మూసివేసింది. కుడుక మునగలేదు, ముహూర్తం దాటిపోయింది. ఈ కథలో ఆ బాలిక చేసిన శాస్త్రీయమైన పని ఒక్కటే, పరికరాన్ని పరిశీలించడం. కథ సరిగ్గా ఆ పనికే శిక్ష విధించింది. తరువాత ఆమె ఏ లెక్క చేసింది, తండ్రిని ఏ సందేహం అడిగింది అన్నది కథకు అక్కరలేకపోయింది. గణితం ఆమెకు పెండ్లికి బదులుగా దొరికిన ఓదార్పుగా మిగిలింది. గ్రంథం ఆమె పేరుతో చిరంజీవి అయింది గాని, ఆ గ్రంథంలో ఆమె మాట ఒక్కటీ వినిపించదు.

వంగదేశపు ఖనా కథ దీనికి తోబుట్టువు. ఆమె వరాహమిహిరుని కోడలని, జ్యోతిషంలో మామను మించిపోయినందున నాలుక కోయబడినదని ఐతిహ్యం. వరాహమిహిరుడు 6వ శతాబ్దం వాడు. ఖనా పేరుతో చెలామణి అయ్యే ‘ఖనార్ బచన్’ సూక్తుల భాష అంతకు ఎంతో తరువాతి బెంగాలీ. వానలు, విత్తనాలు, దుక్కి, అరటి నాటే కాలం గురించి రైతులు తరతరాలుగా గుర్తుపెట్టుకున్న అనుభవజ్ఞానం అది. ఇక్కడి వైచిత్రి గమనించదగినది. కథలో ఖనా నాలుక తెగిపోయింది, లోకవ్యవహారంలో ఆమె మాట నేటికీ నిలిచి ఉన్నది. ఈ కథను తిరిగి చెప్పే రచయితలు తెగిన నాలుకను పట్టుకున్నంత గట్టిగా నిలిచిన మాటను పట్టుకోరు. వర్షపు రాకను ముందుగా గుర్తించడానికి ఏ గాలిని, ఏ మబ్బును, ఏ పురుగును గమనించారన్నది నవలకు ఎంతో విలువైన సామగ్రి. ఆ సామగ్రిని వదలిపెట్టి క్రౌర్యాన్ని మాత్రమే తీసుకుంటే మిగిలేది జాలి.

ఈ రెండు కథలూ ఐతిహ్యాలు కనుక వాటిని క్షమించవచ్చు. ఆధారాలు పుష్కలంగా ఉన్న 19వ శతాబ్దానికి వచ్చినప్పుడు రచయిత బాధ్యత పెరుగుతుంది. ఈ విషయంలో భారతీయ భాషల్లో చర్చించదగిన ప్రధాన కృతి శ్రీకృష్ణ జనార్దన్ జోషీ మరాఠీలో రచించి 1968లో వెలువరించిన ‘ఆనందీ గోపాల్’. ఇది నాటకంగా మారింది. ఆనందీబాయి జీవితం అదే పేరుతో దూరదర్శన్‌లో హిందీ ధారావాహికగా, 2019లో మరాఠీ చలనచిత్రంగా కూడా వచ్చింది. ఆశా దామ్లే చేసిన సంక్షిప్త ఆంగ్లానువాదం 1992లో వెలువడింది. మహారాష్ట్రకు వెలుపలి పాఠకులు చాలామంది ఈ నవలను తెలుసుకున్నది ఆ అనువాదం ద్వారానే.

కథకు ఆధారమైన వాస్తవాలు సుప్రసిద్ధం. ఆనందీబాయి 1865 మార్చి 31న కల్యాణ్‌లో జన్మించింది. తొమ్మిదేళ్ల ప్రాయంలో, తనకంటె ఎంతో పెద్దవాడు, తపాలా శాఖ ఉద్యోగి అయిన గోపాలరావు జోషీతో వివాహమైంది. పద్నాలుగేళ్లకు కలిగిన బిడ్డ పది రోజులకే మరణించింది. 1883లో ఆమె కలకత్తా నుంచి ఓడలో అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరింది. 1886 మార్చి 11న పట్టం పుచ్చుకున్నది. కొల్హాపూర్‌లోని ఆల్బర్ట్ ఎడ్వర్డ్ ఆసుపత్రి స్త్రీల విభాగానికి వైద్యురాలిగా నియామకం లభించింది. ఆ బాధ్యత స్వీకరించకముందే, 1887 ఫిబ్రవరి 26న పుణేలో క్షయవ్యాధితో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ఇరవైరెండేళ్లు నిండలేదు.

జోషీ నవల ప్రధాన శ్రద్ధ దాంపత్యం పైన. శీర్షికలోనే ఆలుమగల పేర్లు రెండూ జంటగా నిలిచాయి. భార్యను చదివించి తీరాలన్న గోపాలరావు పట్టుదల, ఆ పట్టుదల వెనుక ఉన్న మొండితనం, ఆ మొండితనం ఒక పసిపిల్ల మీద పడిన తీరు ఈ నవలను నడిపించే శక్తులు. ఇందులో రచయిత సాధించినది చిన్న విషయం కాదు. సంఘసంస్కర్తలను దేవతామూర్తులుగా చిత్రించడానికి అలవాటుపడిన కాలంలో, సంస్కరణ ఇంటి నాలుగు గోడల మధ్య బలవంతంగా కూడా అమలు కావచ్చునని చూపడానికి ఆయన వెనుదీయలేదు. స్త్రీవిద్య ఉద్యమాన్ని గురించి ఎన్నో ఉపన్యాసాలు చెప్పలేకపోయిన సంగతి ఈ నవల చెప్పింది.

అయితే ఈ బలంలోనే నవల పరిమితి కూడా ఇమిడి ఉన్నది. కథ భర్త స్వభావం చుట్టూ తిరిగినకొద్దీ ఆనందీబాయి అతని చేతిలో రూపుదిద్దుకున్న మూర్తిగా, అతని ఆశయానికి బలి అయిన వ్యక్తిగా కనిపిస్తుంది. ఆమె స్వయంగా ఆలోచించిన విషయాలు వెనుకకు తగ్గుతాయి. మీరా కోసంబి ఆనందీబాయి లేఖలను సేకరించి, పరిశీలించి చేసిన కృషి ఈ లోటును స్పష్టం చేసింది. 2015లో కోసంబి మరణించిన తరువాత గ్రంథరూపంలో వెలువడిన ఆ పరిశోధనను నవల పక్కన పెట్టి చదివితే, లేఖల్లోని ఆనందీబాయి నవలలోని ఆనందికంటె గంభీరమైన వ్యక్తి అని తెలుస్తుంది.

అమెరికా నుంచి ఆమె భర్తకు రాసిన ఒక లేఖ ఇందుకు చాలినంత సాక్ష్యం. తన పదేళ్ల ప్రాయంలో అతడు కట్టె ముక్కలతో కొట్టడం, కుర్చీలు, పుస్తకాలు విసరడం, విడిచిపోతానని బెదిరించడం ఆమె అందులో ఒక్కొక్కటిగా గుర్తుచేసింది. ఆ ప్రవర్తన మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు రెండూ అవునని సమాధానం ఇచ్చింది. అంతిమ లక్ష్యాన్ని బట్టి చూస్తే అది సరియైనది కావచ్చునని, ఒక బాలిక మనస్సుపై దాని ప్రభావాన్ని బట్టి చూస్తే తప్పని ఆమె నిర్ణయం. ఈ వాక్యాల్లో ఏడుపు లేదు, కృతజ్ఞతా స్తోత్రమూ లేదు. లక్షణాలు నమోదు చేసి, కారణాన్ని ఫలితాన్ని వేరుచేసి, నిర్ణయం చెప్పే వైద్యవిద్యార్థిని బుద్ధి ఉన్నది. తన బాల్యాన్నే పరీక్షకు పెట్టిన ఈ బుద్ధిని పట్టుకోగలిగిన నవలకు విదుషి దొరుకుతుంది. పట్టుకోలేని నవలకు బాధితురాలు మాత్రమే దొరుకుతుంది.

అదేవిధంగా, 1883 ఫిబ్రవరి 24న శ్రీరాంపూర్ కళాశాల భవనంలో ఆమె చేసిన ప్రసంగం. పద్దెనిమిదేళ్లు నిండని ఆ యువతి తన ప్రయాణంపై వచ్చిన ఆక్షేపణలను ఆరు ప్రశ్నలుగా విభజించి, ఒక్కొక్కదానికి వరుసగా సమాధానం చెప్పింది. అమెరికా ఎందుకు, ఈ దేశంలో మార్గాలు లేవా, ఒంటరిగా ఎందుకు, తిరిగి వస్తే కులం నుంచి వెలివేయరా అన్నవి అందులోనివి. మద్రాసులో ఒక కళాశాల ఉన్నదని ఒప్పుకుంటూనే, అక్కడి బోధన చాలదని వాదించింది. ఆ మాట తెలుగు పాఠకునికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. నాటి తెలుగు జిల్లాలు కూడా చేరి ఉన్న మద్రాసు రాజధానిలోని ఆ వైద్య కళాశాల 1875లోనే మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు స్త్రీలను చేర్చుకున్నది. తలుపు తెరచుకున్న చోట కూడా చదువు ఏ మేరకు దొరుకుతుందని ప్రశ్నించిన స్త్రీ, కేవలం ఎవరో పంపితే వెళ్లిన స్త్రీ కాజాలదు.

ఆమె సిద్ధాంతవ్యాసం ప్రాచీన హిందువుల ప్రసూతి వైద్యం గురించి. పద్నాలుగేళ్లకు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇరవైయొకటో ఏట ఆ విషయాన్నే ఎన్నుకోవడంలో ఎంత కథ ఉన్నదో వివరించనక్కరలేదు. కన్నబిడ్డ మరణం ఆమెకు ప్రశ్నగా మారింది, ప్రశ్న అధ్యయనంగా మారింది. ఈ పరిణామమే ఆమె జీవితంలోని అసలు నాటకీయత. కళాశాలలో 1885 అక్టోబరులో తీసిన ఒక ఛాయాచిత్రం నిలిచి ఉన్నది. అందులో చీర కట్టిన ఆనందీబాయి పక్కన జపాను నుంచి వచ్చిన కేయి ఒకామి, సిరియా నుంచి వచ్చిన సబత్ ఇస్లాంబూలీ తమ తమ దేశ వేషధారణలో కూర్చున్నారు. మూడు ప్రాచ్యదేశాల స్త్రీలు ఒకే శవచ్ఛేద విద్యను ఒకే పరభాషలో నేర్చుకున్న ఆ గదుల్లో ఏం మాట్లాడుకున్నారో ఊహించడం నవలాకారుని హక్కు, ఒక విధంగా విధి కూడా. ఆనందీబాయి కథను తీసుకున్న కళారూపాలు గోపాలరావు ఇంట గడిపినంత కాలం ఆ గదుల్లో గడపలేదు.

అకాల మరణం కథకునికి సిద్ధంగా దొరికే ముగింపు. అది దొరకని జీవితాల పట్ల కల్పన చాలాకాలం ఉదాసీనంగా ఉన్నది. కాదంబినీ గంగూలీ 1886లో కలకత్తాలో వైద్యపట్టం పొంది, 1893లో బ్రిటన్ వెళ్లి మరికొన్ని అర్హతలు సంపాదించి, సంసారం నడుపుకుంటూ దశాబ్దాలు వైద్యం చేసింది. ఆమె శీలాన్ని కించపరచిన ‘బంగబాసి’ పత్రిక సంపాదకుడు 1891లో న్యాయస్థానంలో శిక్ష అనుభవించవలసి వచ్చింది. ఇంత సంఘర్షణ ఉన్న ఈ జీవితం విస్తృత ప్రేక్షకులకు బెంగాలీ ధారావాహికల రూపంలో చేరడానికి 2020 దాకా ఆగవలసి వచ్చింది. పని చేస్తూ ముసలితనానికి చేరుకున్న స్త్రీకంటె, పని మొదలుపెట్టకుండానే పోయిన స్త్రీ కథకులను ఎక్కువగా ఆకర్షించడం ఆలోచించదగిన విషయం.

పనినే కథావస్తువుగా చేయడం సాధ్యమా అన్న సందేహానికి ట్రేసీ షెవాలియే ఆంగ్లంలో 2009లో వెలువరించిన ‘రిమార్కబుల్ క్రీచర్స్’ ఒక సమాధానం. ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్‌లో వడ్రంగి కూతురుగా పుట్టిన మేరీ ఆనింగ్ (1799-1847), ఆ ఊళ్లో స్థిరపడిన అవివాహిత ఎలిజబెత్ ఫిల్పాట్ అన్న ఇద్దరు చారిత్రక వ్యక్తులు వంతులవారీగా ఈ కథ చెబుతారు. ఒకరు పేద, చదువు తక్కువ, కన్ను చురుకైనది. మరొకరు మధ్యతరగతి, పుస్తకజ్ఞానం గలది, శిలారూపం దాల్చిన చేపలను సేకరించేది. ఈ ఇద్దరి కంఠాల మధ్య తేడాయే నవలకు ప్రాణం. శాస్త్రజ్ఞానం ఏ తరగతికి ఏ రూపంలో అందుతుందో పాఠకునికి ఉపన్యాసం లేకుండా బోధపడుతుంది.

తుపాను తరువాత కొండచరియ విరిగిన చోట వెదకడం, ఆటుపోటుల వేళ చూచుకొని పరుగెత్తడం, బురదరాతి నుంచి ఎముకను ఓపికగా విడదీయడం వంటి వివరాలతో ఇందులోని విజ్ఞానం చేతిపనిగా కనిపిస్తుంది. 1823లో మేరీ వెలికితీసిన ప్లీసియోసార్ అస్థిపంజరం మెడలో 35 వెన్నుపూసలు ఉండడంతో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే దాని ప్రామాణికతను శంకించాడు. ఆ శంక నిజమైతే ఆమె జీవనాధారమే పోయేది. 1824 ఫిబ్రవరిలో లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో ఆ అస్థిపంజరాన్ని వివరించిన కోనిబేర్ ఆమె పేరు చెప్పలేదు. ఆ సంఘం స్త్రీలను సభ్యులుగా స్వీకరించినది 1919లో. నవలలో ఎలిజబెత్ స్నేహితురాలి పక్షాన నిలబడడానికి లండన్ దాకా వెళ్లి, ఆ సమావేశ మందిరంలోకి ప్రవేశం లేక బయటనే నిలిచిపోతుంది. రచయిత్రి కల్పన ఇక్కడ చరిత్రకు విరుద్ధంగా పోలేదు. చరిత్రలో ఉన్న మూసిన తలుపును కంటికి కనిపించేటట్లు చేసింది.

ఈ నవల కూడా నిర్దుష్టం కాదు. మేరీ కుటుంబానికి సహాయంగా 1820లో తన సేకరణను వేలం వేసిన కర్నల్ బర్చ్ పాత్రను అడ్డుపెట్టుకొని, స్నేహితురాండ్ర మధ్య ప్రణయసంబంధమైన అసూయను రచయిత్రి ప్రవేశపెట్టింది. ఇద్దరు స్త్రీలు ఒక పురుషుని విషయమై తప్ప వేరే కారణంగా విభేదించలేరా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. శిలాజాల సొంతదారు ఎవరు, కీర్తి ఎవరికి చెందాలి అన్న వివాదాలే వారిని దూరం చేయడానికి చాలేవి. అయినా, చివరకు వారిని కలిపేది తిరిగి ఆ ఎముకలే కావడం నవలను నిలబెట్టింది.

దక్షిణాసియాలో ఈ లోటును మొదట గుర్తించిన రచయిత్రి గతాన్ని వదలి భవిష్యత్తును ఆశ్రయించింది. రొకెయా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో, తెలుగు కుటుంబంలో పుట్టిన కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో మద్రాసు నుంచి వెలువడుతున్న ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయింది. అందులో స్త్రీల విశ్వవిద్యాలయాలు మేఘాల నుంచి నీటిని, సూర్యుని నుంచి వేడిమిని పట్టి ఉపయోగిస్తాయి. వెనుకకు చూస్తే నాలుక తెగిన ఖనా, ముహూర్తం తప్పిన లీలావతి మాత్రమే కనిపించే సమాజంలో, ప్రయోగశాల నడిపే స్త్రీని చూపడానికి కలగనడం ఒక్కటే ఆమెకు మిగిలిన మార్గం.

తెలుగులో భండారు అచ్చమాంబ (1874-1905) ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో స్త్రీల చరిత్రలను కూర్చి, స్త్రీలు అల్పబుద్ధులన్న అపవాదును ఉదాహరణలతో ఖండించింది. ఆమె వేసిన దారిలో చారిత్రక నవల నడవలేదు. రాణి రుద్రమ వంటి పరిపాలకురాలికి దక్కిన ఆదరణ, పురుడు పోసిన మంత్రసానికి, మూలికలు ఎరిగిన వృద్ధురాలికి, పావులూరి మల్లన గణితాన్ని తెలుగు చేసిన కాలంలో ఏ ఇంటిలోనో ఆ లెక్కలు విని నేర్చుకొని ఉండగల బాలికకు తెలుగు నవలలో దక్కలేదు. ఆధారాలు తక్కువన్నది కొంతవరకే సమాధానం. షెవాలియేకు మేరీ ఆనింగ్ అంతరంగం గురించి దొరికిన ఆధారాలూ స్వల్పమే. ఆమె చేసిన పని ఆనవాళ్లు దొరికాయి, వాటిని అనుసరించి ఆమె మనస్సును చేరుకున్నది.

ఈ చర్చ సాహిత్యానికి మాత్రమే పరిమితం కాదు. వీధికి, విడుదిగృహానికి, విద్యార్థి వేతనానికి ఎవరి పేరు పెట్టాలన్న నిర్ణయాలు, పాఠ్యాంశంలో ఏ ఘట్టం ఉండాలన్న నిర్ణయాలు ప్రభుత్వ దస్త్రాల మీద జరుగుతాయి. ఆ దస్త్రాలకు సమాచారం చాలాసార్లు జనశ్రుతి నుంచి, జనశ్రుతికి నవల నుంచి, చలనచిత్రం నుంచి వస్తుంది. లీలావతి పేరు పెట్టినప్పుడు గౌరవిస్తున్నది తప్పిపోయిన పెండ్లినా, గణితాన్నా? ఆనందీబాయి పేరు తలచినప్పుడు గుర్తుచేసుకుంటున్నది క్షయవ్యాధినా, ప్రసూతి వైద్యంపై ఆమె రాసిన వ్యాసాన్నా? శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆమె ఇంటిపేరు పెట్టిన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆమెను తమ వర్గంలో ఒకరిగా గుర్తించారు. భారతీయ భాషల్లోని కల్పన కూడా ఆ గుర్తింపు ఇవ్వవలసి ఉన్నది. అందుకు ఆమె మరణశయ్య వద్ద ఆగిపోకుండా, ఆమె రాత్రివేళ దీపం ముందు తెరచి ఉంచుకున్న పుస్తకంలోకి తొంగిచూడగల రచయిత కావాలి. ఆనందీబాయి లేఖలు అచ్చులో ఉన్నాయి, ప్రసంగపాఠం ఉన్నది. వాటిని చదివి, భర్త నీడ నుంచి ఆమెను వేరుచేసి రాసే నవల ఏ భారతీయ భాషలో వచ్చినా, దానిని మిగిలిన భాషల్లోకి అనువదించడం సాహిత్య సంస్థలు తప్పక చేపట్టవలసిన పని.